తెర మీద గుండె

ఆంజియోగ్రామ్ అయిపోయింది. కాల్గరీ ఆసుపత్రిలో డాక్టరు దంపతులిద్దరికీ తెర మీద గుండె రక్తనాళాలు చూపించి, ఒకచోట పెన్ను ఆనించాడు.

"ఇక్కడ సగం మూసుకుపోయింది. ప్రస్తుతానికి మందులు చాలు. కానీ వేపుళ్లు, ఊరగాయలు మానేయాలి."

స్వర్ణకుమారి భర్త వైపు గుర్రుగా చూసింది. "విన్నారా? నేను చెప్తే ఏనాడైనా చెవికెక్కించుకున్నారా?"

జ్ఞానప్రకాశం తల వంచుకున్నాడు.

"రోజూ అరగంట నడవాలి."

"విన్నారా? చలి వంక పెట్టి సోఫా దిగరుగా! రేపట్నుంచి మాల్‌లో నడవండి."

"నెయ్యి తగ్గించాలి."

"విన్నారా? ఉన్న నెయ్యంతా ఆదివారం చర్చిలో పంచేస్తా."

తెలుగు రాని డాక్టరు అయోమయంగా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

జ్ఞానప్రకాశం మెల్లిగా అన్నాడు. "స్వర్ణా, ఆ గుండె నీది."

ఆమె తన మణికట్టుకున్న ఆసుపత్రి పట్టీని చూసుకుంది. "తెలుసు లెండి. మీకు బీపీ వచ్చాక చప్పిడి కూరలన్నీ మీకు పెట్టి, మీరు తినకూడని అప్పడాలూ ఆవకాయా పారేయలేక తిన్నదెవరు? దేవుడిచ్చిన తిండి!"

ఆయన లేచి ఆమెకు కోటు తొడిగాడు.

"అయితే రేపట్నుంచి వంట నేనే చేస్తా. నీకేది పెడితే అదే నేనూ తింటా."

ఆంజియోగ్రామ్‌కి కూడా బెదరని స్వర్ణకుమారి గభాలున ఇంగ్లీషులోకి దిగింది.

"డాక్టర్, ప్లీజ్! ఆపరేషనే చేసేయకూడదా?"