కేర్‌లెస్ రాము

“వై డిడ్ రాము నాట్ గో టు ద డాక్టర్?” హారతి అడిగింది.

“పోతే ఆ రోజు కూలి పోతది గనక,” అన్నాడు మొండయ్య.

“అది కాదు కాకా! రాముకు దగ్గొచ్చింది. నిర్లక్ష్యం చేసి డాక్టర్ దగ్గరికి పోలేదు. ‘బికాజ్ హి వాజ్ కేర్‌లెస్.’ పుస్తకంల గిదే ఉంది.”

“ఆ పుస్తకం రాసినాయన ఎన్నడన్న సాంచె నడిపిండా?”

హారతి తల పట్టుకుంది. ఆమె సూరత్‌లోని లింబాయత్ సందులో ట్యూషన్లు చెప్పే కాలేజీ పిల్ల. ఊరికి ప్లేగు వచ్చిపోయిన మరుసటేడు అది. ఇంగ్లీషు బడివాళ్లు కొత్త షరతు పెట్టారు. తండ్రి ఇంగ్లీషు పాఠం చదివి జవాబులు చెబితేనే పిల్లకు సీటు. అడిగేదంతా ఈ ఆరోగ్య పాఠాల పుస్తకంలోంచే.

“పలక పట్టేది పిల్ల, పరీక్ష తండ్రికా? సూస్త వీళ్ల సంగతి!” అని ఆర్నెల్ల కిందట కూర్చున్నాడు మొండయ్య. పాతికేళ్లు సాంచెల మధ్య, ఆ మరమగ్గాల మోతలో బతికిన మనిషి. తెగిన పోగుల్ని ముడేసినట్టు అక్షరాలను ఒక్కొక్కటే ముడేసుకుంటూ ఇరవై పాఠాలూ నమిలి మింగాడు. కాచిన నీళ్లు, దోమలు, బీడీలు. బీడీల పాఠం మొదలుకాగానే బీడీ ఆర్పేవాడు, అయిపోగానే ముట్టించేవాడు.

“ఆ జవాబు చెప్తే మంగకు సీటు రాదు కాకా.”

“రాకపోనీ. రాము మీద మాత్రం అబద్ధం చెప్ప.”

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడిగి, మంగ చెయ్యి పట్టుకొని బడికి పోయాడు. ప్యూన్ ఫారంలోని తండ్రి పేరు పిలిచాడు. మొండయ్య కదల్లేదు. మళ్లీ పిలిచాడు. మంగ చెయ్యి గుంజింది.

“బహరా హై క్యా?” కసిరాడు ప్యూన్.

“సాంచెల మోతకు చెవులు పోయినయ్ భాయ్.”

లోపల పెద్ద మేడమ్ ఫారం ముందుకు తోసింది. తండ్రి సంతకం అన్నచోట హారతి నేర్పిన అక్షరాలు పెట్టాడు మొండయ్య. ఆమె పుస్తకం తెరిచింది. రాము పాఠమే. తడుముకోకుండా చదివి, నాలుగు జవాబులు టకటకా చెప్పాడు.

“వై డిడ్ రాము నాట్ గో టు ద డాక్టర్?”

మంగ బిక్కమొహం ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“రాము నాట్ కేర్‌లెస్, మేడమ్. గో డాక్టర్, నో మనీ. నో మనీ, నో రోటీ. బుక్ రాంగ్.”

ఆమె కళ్లద్దాలు తీసింది. “పుస్తకం తప్పా?” హిందీలో అడిగింది.

“తప్పే. రాసినాయన్ను ఒక్కరోజు మా దుమ్ము పీల్చమనుండ్రి. తప్పు దిద్ది మల్ల అచ్చేస్తడు.”

మేడమ్ మంగ వైపు తిరిగింది.

“ఈ పిల్ల కూడా ఇట్లాగే ఎదురు చెబుతుందా?”

“నాకంటె నాలుగు ఎక్కువే చెప్తది.”

నవ్వు ఆపుకుంటూ ఆమె ఫారం మీద ముద్ర గుద్దింది.

సందు మొదట్లోనే చెయ్యి విడిపించుకొని, అందరికీ చెప్పడానికి పరుగెత్తింది మంగ. మొండయ్య ఇంటికొచ్చి కూలబడ్డాడు. అతని భార్య లింగవ్వ రెండు కప్పుల్లో చాయ్ పోసింది.

“ఏమాయె?”

“సీటొచ్చింది.”

“పుస్తకం తప్పంటివా?”

“అంటి.”

“నీ నోరు పాడుగాను!” అంటూనే మురిసిపోయింది. “చొక్కా మాపకు. రేపు శివకృష్ణను తీస్కపోవాలె గద.”

“ఆ బడిల దోమల పాఠం అడుగుతరట. ఎల్లుండి సుమన. ముగ్గురినీ ఇంగ్లీషు బడికే పంపుత. ఎవడాపుతడో సూస్త!”

లింగవ్వ నవ్వి, చాయ్ ఊదుకుంది.

ఆ ముగ్గురూ సందులోవాళ్ల పిల్లలు. మొండయ్యకు, లింగవ్వకు పిల్లల్లేరు.