కదలని కారు

మే నెల మొదటి వారంలో జయరామయ్య కారులో చల్లగాలి ఆగిపోయింది.

ఇంజను బాగానే తిరుగుతోంది. ఎయిర్ కండిషనరు మాత్రం ఒకసారి గుర్రుమని, కాలిన వాసన కొట్టి, వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. డ్రైవరు చెంగయ్య బానెట్ ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మన చేతిలో పని కాదన్నా. మద్రాసు వాళ్లే చూడాల."

జయరామయ్య ఇంట్లోకి పరుగెత్తి గ్యారంటీ కాగితం తెచ్చాడు. మిషను బిగించి ఐదు నెలలే అయింది. సంవత్సరం దాకా ఏ మరమ్మతు వచ్చినా పూచీ తమదేనని కంపెనీ రాసిచ్చింది.

ఆ ఊరు తోటపల్లి గూడూరుకు తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉంది. 1963 నాటికి అక్కడికి ఇంకా కరెంటే రాలేదు. అలాంటి ఊళ్లో ఉండి, ఉన్న మాగాణిలో ముప్పాతిక అమ్మి, పాత అమెరికా కారు కొని, దానికి చల్లగాలి మిషను పెట్టించిన మనిషిని ఏమనాలో జనానికి తెలియలేదు. పైగా ఆ కారు ఎక్కడికీ పోదు. మార్చి నుంచి రోజూ పొద్దున పదింటికి కొట్టం పక్కన చింతచెట్టు నీడలో ఇంజను ఆన్ చేస్తే, పొద్దుగూకేదాకా అద్దాలు బిగించుకుని అట్లాగే నిలబడి ఉంటుంది. పెట్రోలు నెల్లూరు నుంచి పీపాల్లో ఎద్దులబండి మీద వస్తుంది.

"ప్రమీలమ్మ కారులోనే కాపురం పెట్టిందంటనే," అని బావి దగ్గర ఆడవాళ్లు జయరామయ్య భార్య గురించి నవ్వుకునేవాళ్లు. "కూతురికి కూడా అప్పుడే అలవాటు చేస్తా ఉంది. ఎండ తగిలితే కరిగిపోతారు కాబోలు!"

పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య మొహమ్మీదే అడిగేశాడు.

"మీ నాయన రెక్కలు ముక్కలు చేసుకోని సంపాయించిన నేల. పెళ్లాం సుఖానికి తగలేస్తివి కదయ్యా!"

జయరామయ్య తల వంచుకున్నాడు.

బడిపంతులు హెబ్రోను చేత కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించాడు. జవాబు రాలేదు. ఇంకొకటి రాయించాడు. చివరికి టెలిగ్రాం ఇస్తే, కారు తీసుకురమ్మని రెండు ముక్కలు వచ్చాయి. అప్పటికి మూడు వారాలు గడిచిపోయాయి.

చెంగయ్యను తీసుకుని తెల్లవారుజామునే బయల్దేరాడు. మద్రాసు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కంపెనీలో మెకానిక్కు మిషనంతా విప్పి చూసి, మేనేజరు గదిలోకి వచ్చి సంగతి చెప్పాడు. మేనేజరు తెలుగువాడే.

"మీ కారు ఐదు నెలల్లో మూడు వందల మైళ్లు కూడా తిరగలేదట. మిషను మాత్రం పదేళ్లు వాడినట్టు అరిగిపోయింది. కారు నిలబెట్టి వాడారు కదూ?"

"అవును సార్."

"రోజుకి ఎన్ని గంటలు?"

"ఎనిమిది. ఒక్కోరోజు పది."

మేనేజరు గ్యారంటీ కాగితం తిప్పి, అడుగున చీమల్లాంటి అక్షరాల మీద వేలు పెట్టాడు.

"కారు నడిచేటప్పుడే వాడాలని ఇక్కడుంది. పైగా ఉప్పుగాలికి గొట్టాలు తుప్పు పట్టాయి. ఇది గ్యారంటీ కిందికి రాదండి."

"గ్యారంటీ వద్దులే సార్. మిగిలిన నేల అమ్మయినా ఇచ్చుకుంటా. బాగుచేసి పంపండి, చాలు."

మేనేజరు నవ్వాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఎండాకాలం ఎవరికి సుఖంగా ఉందండీ? మేమంతా చెమటలు కక్కుకుంటూ పనిచేయడం లేదా?"

"మీరు అదృష్టవంతులు సార్."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు మేనేజరు. కాగితం మడిచి చేతిలో పెట్టేశాడు.

"ఇక మీరు వెళ్లొచ్చు."

జయరామయ్య లేవలేదు. బల్ల మీదికి వంగి, మెకానిక్కుకు కూడా వినపడనంత మెల్లగా నాలుగు మాటలు చెప్పాడు.

రుమాలు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. మేనేజరు మెకానిక్కును బయటికి పంపి, తనే లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"ఊళ్లో తెలిస్తే శాపం అంటారు సార్. ఇంట్లో ఆమె ఎవరికీ చెప్పొద్దనింది."

"గ్యారంటీ సంగతి నేను చూసుకుంటాను. కానీ కంప్రెసరు అమెరికా నుంచి రావాలి. దానికి దిగుమతి లైసెన్సు కావాలి. తర్వాత ఓడ. ఎంత తొందరపెట్టినా ఆగస్టు."

"వేరే కారులోది ఊడదీసి పెట్టలేరా?"

"ఈ రకం ఇంకొకటే అమ్మాం. అది కలకత్తాలో ఉంది."

"పోనీ, ఇక్కడే ఇల్లు తీసుకుంటా. గదిలో పెట్టే మిషను ఇప్పించండి."

"దానికీ ఆరు నెలల వరుస ఉంది. మీ పేరు పైన రాయిస్తాను. అంతకంటే నా చేతిలో లేదు."

మరునాడు మిట్టమధ్యాహ్నం ఊరు చేరారు. రోహిణి కార్తె వచ్చేసింది. పడమటి గాలి నిప్పులు చెరుగుతోంది. వీధిలో కాకి కూడా లేదు.

ప్రమీలమ్మ గడపలో నిలబడి ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. చేతిలో ఖాళీ బిందె.

"బాగయిందా?"

"ఆగస్టంట."

ఆమె ఏడవలేదు. కారు వంక కూడా చూడలేదు.

"బావిలో నీళ్లు అడుగంటినాయి," అంది. "పొద్దుటినించి మూడు తూర్లు మార్చినా. పోసిన గడియకే కాగిపోతా ఉండాయి."

జయరామయ్య ఆమె చేతిలోంచి బిందె అందుకున్నాడు.

లోపలి గదిలో, తొట్టిలో మెడలోతు నీళ్లలో కూర్చుని ఉన్న ఏడేళ్ల కూతురు పుష్పకుమారికి ఒంటిని చల్లబరిచే చెమట పుట్టుకతోనే పట్టదు.