నాలుగింటి విజిల్

కోచ్ అరుణశ్రీ మేడం పేరెత్తితే చాలు, పిచ్చయ్యకు తాగే చాయ్ కూడ చేదైతది.

గెలిచే ఆటను సగంల ఇడిసిపెట్టి వచ్చిన కోచ్‌ను లోకంల ఎవడన్న చూసిండా?

ఖమ్మంల డిగ్రీ కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ సెమీఫైనల్. ముఖ్య అతిథి లేటుగ వచ్చిండు. వచ్చినోడు మైకు ఇడవలేదు. పొద్దున కావాల్సిన ఆట మూడు దాటినంక మొదలైంది.

అయినా మనోళ్ళే ఒక గోల్ ముందున్నరు. ఆ గోల్ కొట్టింది పిచ్చయ్య బిడ్డ మధులత.

సగం ఆట కాంగనే మేడం పిల్లలను బండి ఎక్కించింది.

రెఫరీ ఉరికొచ్చిండు. "మేడం, ఇట్ల పోతే ఓడినట్టే రాస్త."

"రాసుకోండి సార్."

బండి కదిలింది. పిచ్చయ్య థూ అని ఉమ్మిండు. బండిల వెనుక సీట్ల కూసున్న మధులత ఇల్లు వచ్చేదాక ఏడుస్తనే ఉంది.

ఆరో తరగతిల బడి ఇడిసి లారీ క్లీనర్‌గ ఎక్కిన మనిషి పిచ్చయ్య. బతుకుల మిగిలింది ఒక్కటే ఆశ. బిడ్డ స్పోర్ట్స్ కోటాల పోలీసు కావాలె. టీం గెలిస్తెనే ఆమె పైవాళ్ళ కంట్ల పడేది. దానికోసమే రోడ్డు పక్క ఎకరం పత్తి చేను చదును చేసి కాలేజీకి గ్రౌండుగ వదిలిండు. గందుకే కమిటీల ఆయనకో కుర్చీ.

సోమవారం కమిటీ కూసుంది. ప్రెసిడెంటు వెంకటనారాయణ, ప్రిన్సిపాల్ బసవపున్నయ్య, పిచ్చయ్య. ఒకటే ముచ్చట. కోచ్‌ను ఉంచాల్నా, తీసెయ్యాల్నా?

"ఈ ఏడు ఒక్క కప్పన్న వచ్చిందా?" అన్నడు వెంకటనారాయణ.

"యాడికెల్లి వస్తది సార్?" పిచ్చయ్య అందుకున్నడు. "నాలుగు కొట్టంగనే విజిల్ ఊదుతది. గదికి తాళమేస్తది. పిల్లల ఆటోలనే ఎక్కి తుర్రుమంటది. కిరాయి కూడ మిగులుతది కదా! సెకండాఫ్‌ల మన పిల్లలు నాలుకలు బయట పెడుతున్నరంటె ఎందుకు పెట్టరు?"

"పిల్లలకు ఆమెంటే ప్రాణం. ఇంకో ఏడాది చూద్దాం" అన్నడు బసవపున్నయ్య.

మేడంను లోపలికి పిలిచిండ్రు. మధిర మనిషి. సన్నగ, ఎండకు కమిలిపోయి ఉంది.

"ఆట మధ్యల ఎందుకు వచ్చినవమ్మా?"

"చీకటి పడుతుందని వచ్చేశామండీ."

"స్టేడియంల లైట్లుంటయి కదమ్మా!" వెంకటనారాయణ నవ్విండు.

"లైట్లు గ్రౌండులో ఉంటాయండీ. వీళ్ళ ఇళ్ళల్లో నేను..."

"ఇండ్ల ముచ్చట్లు మాకెందుకు?" పిచ్చయ్య మధ్యలనే అడ్డంపడ్డడు. "చీకటంటె భయమున్నోళ్ళు కుట్టుమిషన్ కొనుక్కోవాలె. విజిల్ కొనుక్కోవద్దు."



వెంకటనారాయణ తీసెయ్యాలన్నడు. బసవపున్నయ్య వద్దన్నడు. మిగిలింది పిచ్చయ్య చెయ్యి. అది భుజం నొప్పి పుట్టేటంత పైకి లేచింది.

పోతపోత మేడం గడప కాడ ఆగింది. "మధులతకి ఎడమకాలు ఇప్పుడిప్పుడే బాగా వస్తోందండీ. వదిలెయ్యొద్దని కొత్తవాళ్ళకి చెప్పండి."

యాక్టింగు, అనుకున్నడు పిచ్చయ్య.

కొత్త కోచ్ నాగలక్ష్మి యూనివర్సిటీకి ఆడిన మనిషి. ఆరు దాక ప్రాక్టీసు అని బోర్డు మీద రాసింది. పిచ్చయ్య స్వీట్లు పంచిండు.

మొదటి రోజు ముగ్గురు వచ్చిండ్రు. వారం తిరిగేసరికి మధులత ఒక్కతే. బంతిని గోడకు కొట్టుకుంటది, గోడ దగ్గర్నుంచే తెచ్చుకుంటది.

"ఆ మేడం నూరిపోసిపోయింది" అని పండ్లు కొరుక్కుంట పిచ్చయ్య బండి తీసిండు. అడవిల తండా. గోల్‌కీపర్ సోని తండ్రి సోమ్లా ఇంటి ముంగట ఆపిండు.

"ఏంది సోమ్లా, పిల్లను పంపుతలెవ్వు? పంపొద్దని మేడం చెప్పిందా?"

"ఆమె గట్లెందుకంటదన్నా? పోయే ముందు ఇంటింటికి వచ్చింది. కొత్తామె మంచిది, పంపుండ్రి అనే చెప్పింది. కానీ ఇగ నేను తోడు రాలేను, నా మాట నాకిచ్చెయ్యుండ్రి అన్నది."

"ఏం మాట?"

సోమ్లా భార్య సక్రి చెంబుతోటి నీళ్ళు తెచ్చింది. "మా తండాలల్ల వయసొచ్చిన పిల్లను ఎవరు పంపుతరన్నా? ఆమె మా అరుగు మీద కూసోని జొన్నరొట్టె తిని, పిల్లను నేనే తెచ్చి అప్పజెప్పుత అని మాటిచ్చి ఒప్పించింది. ఒక్క మా ఇల్లే కాదు, అందరి ఇండ్లూ తిరిగింది. నాలుగింటికి ఆటో ఎక్కిందంటె, ఇగో ఈ గడప నుంచి మొదలుపెట్టి అడవి లోపల ఆఖరి ఇంటి దాక పిల్లలను అప్పజెప్పేది. ఆటో రాత్రికి ఆడనే ఆగిపోయేది. మల్ల ఆమె ఒక్కతే చీకట్ల రోడ్డు దాక నడిచేది."

పిచ్చయ్య చెంబు ఎత్తలేదు.

"ఆమెనే మల్ల తీస్కొస్త."

"అశ్వారావుపేటల ఏదో బడిల చేరిందట."

"అయితే నా మాట మీద పంపు. కమిటీల ఉన్నోణ్ణి."

"నిన్నెన్నడన్న ఈ తొవ్వల చూసినమా అన్నా?" సక్రి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిచ్చయ్యకు ఒళ్ళంత చీదర పుట్టింది. ఎవరి మీదనో ఆయనకే తెల్వలే. ఆఖరికి గొంతు తగ్గించి అడిగిండు. "కొత్తామె పెద్ద ప్లేయర్ సోమ్లా. మేడం కన్న మస్తు ఆట నేర్పుతది. జర ఆలోచించు."

సోమ్లా అడవి దిక్కు చూసుకుంట చెప్పిండు.

"మేడం ఏం ఆట నేర్పుతదో మేమెన్నడు అడగలేదన్నా, పొద్దు గూకకముందు పిల్ల గడపల ఉండేది."