కర్రను మింగిన ఏరు

మందతో ఊళ్లు తిరిగే ముసలి గాడిదకు ఆ రోజు అడుగు తీసి అడుగు వేయడమే కష్టంగా ఉంది. వీపు మీద కాపరి వంటసామాను, పక్క సంచిలో పొద్దున పుట్టిన గొర్రెపిల్ల. ఏటి ఇసుకలో కాలు పెట్టగానే నేల మెత్తగా కదిలింది. గాడిద ఆగిపోయింది.

“కదలవేం, సోమరిపోతా! అవతల పచ్చిక కనబడటం లేదూ?” అంది పొట్టేలు.

“నేల బాగాలేదు. నా దగ్గర పసిబిడ్డ ఉంది.”

కాపరికి గాడిద మాట అర్థం కాలేదు. కర్రతో నాలుగు వడ్డించాడు. గాడిద కళ్లు మూసుకుంది కానీ కదలలేదు.

“తాతా, నా వల్లేనా నీకు దెబ్బలు?” అంది సంచిలోని పిల్ల.

“నువ్వు పడుకో తల్లీ.”

విసుగెత్తిన కాపరి కర్రను ముందున్న ఇసుకలో గుచ్చాడు. అది పూర్తిగా దిగబడిపోయింది, ఎంత లాగినా రాలేదు. అతని ముఖం పాలిపోయింది. మందను ఎగువ రేవుకు తిప్పాడు.

అవతలి ఒడ్డున సంచి దిగిన పిల్ల, తన తల్లి పొదుగు వెతుక్కుంది. ‘ఆ కర్ర పీడ వదిలింది’ అనుకుంది గాడిద. అంతలో వెనక కొమ్మ విరిగిన చప్పుడైంది. కాపరి కొత్త కర్ర చెక్కుకుంటున్నాడు.

గాడిద కాసేపు చూసింది. రేపటి ఏటిలోనూ నేల బాగోకపోతే ఆగాల్సిందే అనుకుని, గడ్డి మీదికి తల వంచింది.