మధ్యలో పడ్డ బంతి

బంతి ఇద్దరి మధ్యా పడింది.

పెద్దకోడలు తీయలేదు. చిన్నకోడలూ తీయలేదు. అదేదో తనంతట తనే లేచి వస్తుందన్నట్టు ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

"ఎవరిదమ్మా అది?" కోచ్ తల పట్టుకుంది.

"నాది కాదు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఈమధ్య వాళ్లిద్దరూ ఏకమైన మాట అదొక్కటే.

కుట్టుమిల్లు ఆడవాళ్ల వాలీబాల్ జట్టుకి వెనక వరసలో వాళ్లిద్దరే దిక్కు. ఒకే ఇంటి తోడికోడళ్లు. విడివిడిగా ఆడితే ఈగని కూడా నేల వాలనివ్వరు. పక్కపక్కన నిలబెడితే మాత్రం మధ్యలోంచి ఏనుగు వెళ్లినా మర్యాదగా దారి ఇస్తారు.

తగువుకి మూలం నీళ్ల మోటారు. ఆమె ఆపుతుందిలే అని ఈమె, ఈమె ఆపుతుందిలే అని ఆమె. ట్యాంకు పొంగి, కప్పు కారి, చిన్నకోడలి బీరువాలో బట్టలన్నీ తడిశాయి. మాటా మాటా పెరిగి చివరికి మాటలే పోయాయి.

"ఇంటి మధ్యలో గోడ కట్టించేయండి," అంది పెద్దకోడలు భర్తతో.

"శుభం," అంది చిన్నకోడలు.

వాళ్లు మిల్లులో ఉన్నప్పుడు మేస్త్రీ వచ్చి, వాకిట్లోంచి పెరటి దాకా మేకులు పాతి తాడు కట్టి వెళ్లాడు. ఇక గోడ లేవడమే ఆలస్యం. చిన్నకోడలి కూతురు రోజూ పెద్దమ్మ పక్కలోనే పడుకుంటుంది. గోడ లేస్తే ఆ పిల్ల ఎటు పడుకోవాలి? అది తలచుకుని గోడ వద్దనే అనుకున్నారు ఇద్దరూ. కానీ ముందు ఎవరు నోరు విప్పాలి?

కోచ్ మళ్లీ బంతి తీసుకుంది. భుజం కలుక్కుమంది. బెంచీ దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఏదో అడగడానికి వచ్చినట్టున్నాడు. బంతి పడ్డ తీరు చూసి, అడగకుండానే కూర్చున్నాడు.

"ఏవండీ, మీకేమైనా పనుందా?" అంది కోచ్.

"ఉందమ్మా. కానీ తొందరేం లేదు."

"అయితే కాస్త బంతులు వేసిపెట్టండి. సరిగ్గా ఇద్దరి మధ్యలో పడాలి."

ఆయనకి ఆట రాదు. కానీ ఒక కన్ను మూసి గురిచూసి వేస్తే, బంతి గీత గీసినట్టు మధ్యలోనే పడేది. మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. జట్టంతా ఆయనకి 'పనిలేనాయన' అని పేరు పెట్టేసింది.

"తీసేవాళ్లు 'నాది' అని అరవాలి," అని కోచ్ నియమం పెట్టింది.

ఇద్దరూ "నాది" అని అరిచారు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

పనిలేనాయన బంతి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు.

"నాకు ఆట తెలియదు గానీ కోచమ్మా, 'నాది' అనడం వీళ్లకి బాగానే వచ్చు. 'నీది' అనడమే రావట్లేదు."

కోచ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నియమం మార్చేసింది. తీయనివాళ్లు పక్కవాళ్లని వరస పెట్టి పిలిచి మరీ 'నీది' అని చెప్పాలి.

"ఉత్తి 'నీది' అంటే చాలదా?" చిన్నకోడలు గొణిగింది.

"ఎవరిదో ఆవిడకి తెలియొద్దామ్మా?" అన్నాడు పనిలేనాయన.

మొదట్లో ఆ పిలుపులు దోమ రొదకన్నా చిన్నగా ఉండేవి. ఆయన మాత్రం విసుక్కోకుండా వేస్తూనే ఉన్నాడు. ఒకరోజు బంతి జారి పెద్దకోడలి మొహం మీదికే దూసుకొచ్చింది.

"అక్కా, నీదీ!"

గ్రౌండంతా వినిపించేలా అరిచింది చిన్నకోడలు. పెద్దకోడలు చటుక్కున చేతులెత్తి తీసింది.

"మెల్లిగా చెల్లీ, గొంతు పోతుంది," అని అనేసి, నాలిక్కరుచుకుంది.

ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం ఆమెకి అనిపించలేదు.

పోటీలో ఆఖరి పాయింటు. అవతలివాళ్లకీ సంగతి తెలుసు. సర్వీసు సరిగ్గా తోడికోడళ్ల మధ్యకే కొట్టారు.

"చెల్లీ, నీది!"

చిన్నకోడలు నేలకి వాలిపోయి బంతిని లేపింది. వల దగ్గరున్న పిల్ల దాన్ని అవతల దించేసింది. అంతే, జట్టంతా ఒకరి మీద ఒకరు పడిపోయారు.

ఆ సందడి సద్దుమణిగాక చూస్తే, అప్పటిదాకా గేటు దగ్గర నిలబడి ఆట చూసిన పనిలేనాయన లేడు.

"రేపొస్తాడుగా, అప్పుడు చెబుదాం," అన్నారు అందరూ.

తోడికోడళ్లు ఒకే ఆటోలో ఇంటికొచ్చారు. దారంతా నవ్వులే. సందు మలుపు తిరిగేసరికి చిన్నకోడలు అక్క చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఆ గోడ..."

"నేనూ అదే అనబోతున్నానే."

పెద్దకోడలి భర్త గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏవండీ, గోడ వద్దు."

"మేస్త్రీకి చెప్పేయండి బావగారూ," అంది చిన్నకోడలు.

"మీరే చెప్పారనుకున్నాను! ఇందాకే వచ్చి తాడూ మేకులూ పీక్కుపోయాడు."

వాకిలి పొడవునా ఖాళీ. చిన్నకోడలి కూతురు ఆ చివర్నుంచి ఈ చివరికి గంతులేస్తోంది. ఇద్దరికీ గుండెల మీంచి బరువు దిగిపోయింది. చిన్నకోడలు అక్క భుజం మీద తల పెట్టి భోరుమంది. పెద్దకోడలు ఆమె వీపు నిమురుతూ తనూ కళ్లు తుడుచుకుంది.

"మేం చెప్పలేదే. ఆయనకెలా తెలిసింది?"

"ఏమో. గోడ తాడు కట్టిన చోటే లేపాలో, ఎటైనా జరపాలో మిమ్మల్నే అడగమని మొదట్లోనే గ్రౌండుకి పంపాను. అడగలేదా?"

తోడికోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వింత మనిషిలే," అని నవ్వాడు పెద్దకోడలి భర్త. "రేపు మొదలెడతా, రేపు మొదలెడతా అనడం, సాయంత్రమయ్యేసరికి మాయమైపోవడం. ఇందాక మేకులు పీకుతూ ఏమన్నాడో తెలుసా? 'ఆఖరి బంతి చిన్నమ్మగారు భలే తీశారండీ, పెద్దమ్మగారు పిలవగానే' అన్నాడు."