గాలి కంత

పాత లుంగీ మళ్ళీ బయట తడిగడ్డిలో పడి ఉంది.

రాత్రి పాపాయి తన చేతులతోనే కుక్కింది దాన్ని. బండి నేలలో, పొయ్యిగట్టు కింద, జల్లెడ ఎప్పుడో ఊడిపోయిన కంత ఒకటి ఉంది. అందులోంచి చలిగాలి కాళ్ళకి కొడుతోంది.

"గుంటా, నువ్వు తీసినావేటి?"

"నాను తీయలేదు లా, మామ్మా," అంది మనవరాలు మోహనప్రియ, బడిలో అలవాటైన 'లా' మాట చివర తగిలించి, చేతులు చంకల్లో దాచుకుని వణుకుతూ.

పాపాయి కొడుకు జయకుమార్ ఆ బండిని బంటింగ్ ఊళ్ళో ఒక దళారి దగ్గర కొన్నాడు. మంచం, పొయ్యి, గ్యాసు హీటరు అన్నీ ఉన్న ఇల్లులాంటి వ్యాను. అద్దం మీద కామెరాన్ కొండల్లోని ఈ క్యాంపు స్టిక్కరు కనిపిస్తే, ఏడాది చివరి సెలవులకి తల్లినీ కూతురినీ ఎక్కించుకుని నేరుగా ఇక్కడికే తోలుకొచ్చాడు.

కింద ఊళ్ళలో ఉక్కపోత. ఇక్కడ తేయాకు తోటల మీద పొగమంచు, వాన.

"ఉన్నది ఒక్క గేసు బండ. కంతలన్నీ మూసేయమ్మా. ఎచ్చదనం బయటికి పోకుంటే సెలవులయ్యేదాకా సరిపోతది," అన్నాడు వచ్చిన రోజే.

ఆ సాయంత్రం పంపు దగ్గర నీళ్ళు పట్టుకుని వస్తూ పాపాయి ఆగిపోయింది.

బండి పక్కన ఎవరో ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. వెలిగించిన ఊదొత్తులు కంత కింద పట్టుకుని పొగనే చూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఏటి సేస్తన్నావక్కడ?"

తెలుగు వినగానే ఆయన తలెత్తాడు.

"మనోలేనా తల్లీ? పొగ ఎటు పోతందో సూస్తన్నాను. ఈ కంత ముయ్యకండి. గేసు మండేచోట గాలి వస్తా పోతా ఉండాల."

"మా బండి, మా ఇష్టం. సలేస్తంది."

"సలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి." ఆయన చూపు తలుపు మీదికి పోయింది. "లోపల, తలుపు పక్కన, పెన్సిలు గీతలుండాల. సెరిపేసినారా?"

గీతలున్నాయి. వీడు లోపలికి ఎప్పుడు దూరాడు?

"నీకెలాగ తెలుసు?"

"ఈ బండిలోనే, తల్లీ, మా..."

లోపల మోహనప్రియ దేవుడి పటం ముందు దీపం వెలిగిస్తోంది. పాపాయి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ముఖం చూస్తేనే రాబోయేది మంచి మాట కాదని తెలుస్తోంది.

"ఆగు. దీపాల యేళ. గుంట ఇంటది. సెడ్డ మాటేదీ నా గుమ్మంలో అనొద్దు."

ముసలాయన ఊదొత్తుల్ని చక్రం పక్కన నేలలో గుచ్చి, బండికి చేతులు జోడించి, కళ్ళు మూసుకున్నాడు.

చేతబడి, అనుకుంది పాపాయి.

"జయా, బేగి రా."

జయకుమార్ వచ్చాడు. "ఏటి తాతా, మా బండికే పూజ సేస్తన్నావా? లోపల బంగారం లేదు. నూడుల్సు ఉన్నాయి, కావాలేటి?" అంటూ ఊదొత్తుల్ని చెప్పుకాలితో నలిపేశాడు.

క్యాంపు కాపలాదారు ప్రేమ్‌నాథ్ పరుగున వచ్చాడు. ఎందుకో ముసలాయన్ని కసరలేదు. భుజం మీద చెయ్యేసి గేటు వైపు నడిపించుకుపోయాడు.

ముసలాయన వెనక్కి తిరిగాడు.

"రేపు పొద్దున్నే వచ్చి సెప్తాను తల్లీ. ఈ రేతిరికి మాత్రం ముయ్యకు."

ముయ్యకు అన్నాడు గనకే, పాపాయి ఈసారి లుంగీకి తువ్వాలు కూడా కలిపి, కాలితో తొక్కి మరీ బిగించింది.

వాన పట్టుకుంది. హీటరు బుస్సుమంటోంది. కాళ్ళకి గాలి ఆగింది. ముందు సీటు వాల్చుకుని జయకుమార్ అప్పటికే గురక పెడుతున్నాడు.

"మామ్మా, నిన్న హీటర్లో మంట నీలంగా ఉండేది. ఇప్పుడు పసుపుగా ఉంది."

"ఏ రంగైతే ఏటి, ఎచ్చగా ఉంది కదా."

"తలకాయి నొప్పి లా."

పాపాయి పిల్ల కణతలకి తైలం రాసింది. "సలికి అలాగే ఉంటది. పడుకో."

నూనె నిండా ఉన్నా, పటం ముందు దీపం సన్నబడి కొండెక్కింది. పాపాయి చూసింది. లేచి వెలిగిద్దామనుకుంది. కాళ్ళు లేవలేదు.

తెల్లారి, పాదాలకి చలిగాలి తగిలి మెలకువ వచ్చింది. తల బండరాయిలా ఉంది. కంత తెరుచుకుని ఉంది. అందులోంచి తడిగడ్డి వాసన వస్తోంది.

"గుంటా."

పలకలేదు.

"గుంటా, లే. లేవమ్మా."

భుజం పట్టి కుదిపితే పిల్ల కళ్ళు తెరిచింది. సగం లేచి, వాంతి చేసుకుంది. పాపాయి తలుపు లాగేసింది. జయకుమార్ పాక్కుంటూ దిగి, తల పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు.

బండి కింద లుంగీ కనిపించింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కనిపించింది.

ముసలాయన అక్కడే బోర్లా పడి ఉన్నాడు. బట్టలన్నీ తడిసి ఒంటికి అంటుకున్నాయి. పాపాయి వేళ్ళు తాకి చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రేమ్‌నాథ్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అప్పయ్యా," అని ఒకసారి పిలిచాడు. తర్వాత టోపీ తీసేశాడు.

"గేటు బయట వదిలాను. వానలో మళ్ళీ ఎప్పుడు వచ్చాడో," అన్నాడు తమిళంలో. "ఏటా ఈ సెలవుల్లో వస్తాడు. ఇక్కడే ఊదొత్తులు వెలిగించి వెళ్ళిపోతాడు."

"ఎవరి కోసం?"

ప్రేమ్‌నాథ్ బండి వంక చూశాడు. "రంగు మార్చారు. నేను పోల్చుకోలేదు. ఆయన పోల్చుకున్నాడు."

పాపాయి చూపు తలుపు పక్కన గీతల మీద పడింది. ఒకదాని మీద ఒకటి, పెరిగే పిల్ల ఎత్తు కొలిచిన గీతలు. మోహనప్రియ భుజం దాకా వచ్చి ఆగిపోయాయి.

"ఆయన భార్యా, కూతురూ ఇందులోనే హీటరు వేసుకుని పడుకుని, ఇక లేవలేదు," అన్నాడు ప్రేమ్‌నాథ్. "తను బయట గుడారంలో పడుకుని, వాళ్ళకి చలి తగలకూడదని ఆ కంతలో బట్ట కుక్కింది ఆయనే."