అరుగు మీద ఓడ

టప్పున బద్ద విరిగింది.

పొద్దున్నుంచీ ఇదే వరస. వెంకోబారావు పంతులు విసుగుపుట్టి ఆ వెదురుముక్కల్ని వీధిలోకి విసిరికొట్టాడు.

"ఇంగా కొంచేపు నీళ్లల్లో నాననీ సామీ. మెత్తబడితే వంగుతాది."

తలెత్తి చూస్తే ఎవడో బక్కమనిషి. ఒంటినిండా దూది. విసిరేసిన ముక్కలు ఏరి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు వడ్రంగం వస్తుందా?"

"రాదు సామీ. బుట్టలల్లేటోళ్లను చూసినా."

పేరు సుంకన్న. ఊరు హొళగుంద. ఆదోనిలో పత్తి ప్రెస్సులో బేళ్లు మోస్తాడు.

"ఏంది సామీ ఇది?"

"ఓడ."

సుంకన్న నవ్వలేదు. వీధిలో నవ్వనిది వాడొక్కడే.

కాలువ నీళ్లు తప్ప పెద్ద నీళ్లు ఎరగని ఊళ్లో, రిటైరైన బడిపంతులు అరుగు మీద కూర్చుని బారెడు తెరచాప ఓడ బొమ్మ చేస్తుంటే జనం ఊరుకుంటారా? అరవైకి అరుళ్లు మరుళ్లు అన్నారు. సుద్దముక్క తప్ప ఇంకేదీ పట్టని చెయ్యికి ఉలి కొత్త, రంపం కొత్త. వేళ్లకు ఎప్పుడూ గుడ్డపీలికలే.

నవ్వేవాళ్లకేం, పోయింది వాళ్ల కొడుకు కాదు.

పంతులు కొడుకు భీమరావు మంగళూరు పోయి తెరచాప ఓడలో గుమాస్తాగా చేరాడు. పెంకులు వేసుకుని లక్షదీవులకు బయలుదేరిన ఓడ డెబ్బై ఆరులో గాలివానకు మునిగిపోయింది. ఎవరో కొందరు ఒడ్డుకు చేరారట. వాళ్లెవరో, ఎటు పోయారో తెలియదన్నాడు యజమాని. ఓడ ఫోటో ఒకటి పంతులు చేతిలో పెట్టి తన చేతులు దులుపుకున్నాడు.

శవం దొరకలేదు. కళ్లతో చూసినవాళ్లు వచ్చి చెబితే సరే, లేకుంటే పన్నెండేళ్లు ఆగి కర్మ చేయాలన్నాడు పురోహితుడు. పంతులు భార్య ఇందిరాబాయి రోజూ కొడుక్కి విస్తరి వేస్తుంది. వడ్డించి ఎదురుగా కూర్చుంటుంది. చల్లారాక తీసి ఆవుకు పెడుతుంది. ఆశ ఆమెను చావనీయదు, బతకనీయదు.

"ఓడ ఎట్లుంటుందో తెలిస్తే, దాంట్లోంచి మనిషి ఎట్ల బయటపడొచ్చో తెలుస్తుంది కదప్పా" అన్నాడు పంతులు, సుంకన్నకు ఫోటో చూపించి.

సుంకన్న ఆ ఫోటో వంక చాలాసేపు చూశాడు.

"తాడు ఒక్కరే పేనలేరు సామీ. ఒక కొస నేను పట్టుకుంటా."

ఆనాటి నుంచి పని దిగగానే వచ్చేవాడు. పంతులు అరుగు మీద కూర్చుని ఎమ్మిగనూరు నూలుకు పురి పెడుతుంటే, వాడు వీధిలో నిలబడి రెండో కొస పట్టుకునేవాడు. ఇద్దరికీ ఏదీ రాదు. వేడినీళ్లకు చేతులు కాల్చుకున్నారు. బద్దలు విరగ్గొట్టారు. మైనం ఎక్కువై తాళ్లు పాడైపోయాయి. అట్లా పాడుచేసుకుంటూనే నేర్చుకున్నారు.

ఒక్కోసారి సుంకన్న ఏదో చెప్పబోయేవాడు. అంతలో ఇందిరాబాయి గడపలోకి వచ్చేది.

"దాహంగుంది తల్లీ" అని దోసిలి పట్టేవాడు.

ఓడ పని చివరికొచ్చింది, తాళ్లే మిగిలాయి. పంతులు అరచేతిలో పట్టేంత పడవ చెక్కి ఓడ పక్కన వేలాడదీశాడు. ఫోటోలో అది కనబడదు. అయినా ఉండే ఉంటుందని ఆయన నమ్మకం.

"ఇదిగో, ఇట్రా" అని భార్యను పిలిచాడు. "చూసినావా పడవ? దీంట్లో ఎక్కింటాడు మనోడు. యాడో బతికే ఉంటాడు."

సుంకన్న చేతిలోంచి తాడు జారిపోయింది.

"దాన్ని తీసేయ్ సామీ."

"ఏం?"

"అమ్మ ఇంగా ఆశ పెట్టుకుంటాది. వద్దు. జరగాల్సిన కర్మ జరిపించండి."

ఇందిరాబాయి బావురుమంది. పంతులుకు ఒళ్లు మండిపోయింది.

"నా కొడుకు చచ్చినాడని చెప్పేకి నువ్వెవడు? నీ కండ్లతో చూసినావా?"

సుంకన్న నోరు తెరిచాడు. ఏడుస్తున్న ఇందిరాబాయి వంక చూశాడు.

"చెప్పు! చూసినావా?"

"లేదు సామీ."

"అయితే పో! మళ్ల ఈ వీధిలో కనపడినావంటే బాగుండదు."

వాడు తలదించుకుని పోయాడు. మళ్లీ రాలేదు.

తాళ్ల పని సగంలో ఆగిపోయింది. రెండో కొస పట్టేవాళ్లు లేరు. కోపం దిగేకొద్దీ పంతులుకు మనసు పీకింది. ప్రెస్సు దగ్గర విచారిస్తే, దగ్గు ముదిరి ఊరికి పోయినాడన్నారు. బస్సెక్కి హొళగుంద పోయాడు.

గుడిసె ముందు సుంకన్న భార్య తిమ్మక్క కూర్చుని ఉంది. నుదుట బొట్టు లేదు.

పంతులు అక్కడే కూలబడ్డాడు.

"తిట్టి పంపినా తల్లీ. నోరు జారినా. రమ్మని పిలుచుకుపోదామని వచ్చినా."

"ఆదోని పంతులయ్యా మీరు?" ఆమె లేచి నిలబడింది. "మీకొక మాట చెప్పాలనే ఆ ఊళ్లో పనికి చేరినాడు సామీ. ఈపొద్దు చెప్తా, రేపు చెప్తా అనేటోడు. అమ్మ మొగం చూస్తే నోరు రాలేదని తిరిగొచ్చేటోడు."

"ఏం మాట?"

తిమ్మక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"కరువుకు మంగళూరు పోయి అదే ఓడలో కూలికి ఎక్కినాడు సామీ. పడవలో ఇంగొక్కరికే చోటుంటే, 'నీకు పిల్లోళ్లుండారు, నువ్వెక్కు సుంకన్నా' అని మీ కొడుకే ఈయన్ను దాంట్లోకి తోసి, ఈయన కండ్ల ముందరే ఓడతో పాటు మునిగిపోయినాడంట."